చెక్కు వెనక లక్షా యాభై వేలు

క్లయింటు అనుమతితో రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, మొత్తాలను కాస్త గుండ్రంగా చేశాను. తేదీలను మాత్రం ముట్టుకోలేదు. ఈ వ్యవహారమంతా వాటి మీదే నడిచింది.

నేను ఒక విభాగానికి పరిమితమైన న్యాయవాదిని కాను. ఉదయం అద్దె ఒప్పందం, మధ్యాహ్నం అన్నదమ్ముల పంపకం, సాయంత్రం జీతం ఎగ్గొట్టిన యజమానికి నోటీసు. చిన్న వ్యాపారుల బకాయిలు వారానికి రెండైనా వస్తాయి. పెద్ద కోర్టుల్లో వాదించే మిత్రులు వీటిని చిల్లర పనులంటారు. చిల్లరే, కాదనను. కానీ ఆ చిల్లర మీద బతికే కుటుంబాలు బల్లకు అవతల కూర్చుంటాయి.

2025 ఫిబ్రవరి 27న వచ్చిన ఆయన అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ యజమాని. వెంట కూతురు ఉంది, లెక్కలు ఆమే చూస్తుందట. కుర్చీలో కూర్చోకముందే చెక్కు, అది చెల్లలేదంటూ బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో, తాను పంపిన నోటీసు నకలు, పోస్టు రసీదు బల్ల మీద వరసగా పేర్చి, "కేసు వేయండి సార్. వాణ్ని జైలుకు పంపాలి" అన్నారు.

కాగితాలు ఇంత పద్ధతిగా తెచ్చేవాళ్లు అరుదు. అందుకే నాకు కొంచెం అనుమానం వచ్చింది. అంత పద్ధతిగా పేర్చిన కాగితాల్లో లేనిదేదో ఇంట్లో ఉండిపోయి ఉంటుంది.

ఆయన చెప్పింది

సరుకు కొన్నది ఇద్దరు భాగస్వాముల సంస్థ. 2024 జూన్ 18 నుంచి సెప్టెంబరు 26 వరకు తొమ్మిది ఇన్‌వాయిస్‌ల మీద పెట్టెలు వెళ్లాయి. చివరికి తేలిన బకాయి 6,40,000 రూపాయలు. తిరగ్గా తిరగ్గా నవంబరులో ఆ మొత్తానికి చెక్కు ఇచ్చారు, జనవరి 10 తేదీ వేసి. ఆ రోజునే ఈయన బ్యాంకులో వేశారు. ఖాతాలో తగినంత నిల్వ లేదంటూ చెక్కు తిరిగొచ్చింది. మెమో చేతికందింది జనవరి 16న. ఫిబ్రవరి 3న తానే నోటీసు రాసి పంపారు, అది 6న ఎదుటివారికి చేరింది. మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు.

తేదీలు కాగితం మీద వేసుకున్నాను. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు కేసు అంటే తలుపుల వరస లాంటిది, ఒకటి మూసుకుంటే తర్వాతిది తెరుచుకోదు. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. 2012 ఏప్రిల్ 1కి ముందు ఆరు నెలలుండేది, ఇప్పటికీ ఆరు నెలలే అనుకునేవాళ్లు కనిపిస్తుంటారు. చెల్లలేదన్న సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందిన తర్వాత ఎదుటివారికి 15 రోజుల గడువు. ఆ గడువూ దాటితే నెల రోజుల్లోపు కోర్టులో ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును ఒప్పించే వీలుంది. నోటీసు ఆలస్యమైతే మాత్రం క్షమించే అధికారం ఏ కోర్టుకూ లేదు. ప్రాక్టీసు తొలినాళ్లలో ఒకసారి క్లయింటు నా దగ్గరికి వచ్చిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టి ఒక కేసు చేజార్చుకున్నాను. అప్పటి నుంచి మెమో మీది తేదీ చూడకుండా మాట మొదలుపెట్టను.

ఈయన తేదీలు సరిగ్గానే ఉన్నాయి. ఫిర్యాదు వేయడానికి మార్చి మూడో వారం దాకా సమయముంది. అప్పుడు నోటీసు చదివాను.

ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా చూసి రాసుకున్నారు. మొదటి పేరాలోనే భారత శిక్షాస్మృతి 420వ సెక్షన్ కింద చర్య తీసుకుంటానని ఉంది. 2024 జూలై 1తో ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం 318వ సెక్షన్‌లోకి వెళ్లింది. ఇది నవ్వుకుని వదిలేయదగ్గ తప్పు. అసలు తప్పు చివరి వాక్యంలో ఉంది: "కావున 15 రోజులలో రూ. 6,90,000 చెల్లించవలెను."

"ఇంకో యాభై వేలు ఎక్కడివండీ?"

"మనస్తాపానికి సార్. నమూనాలో ఉంది."

చట్టం నోటీసులో అడగమన్నది చెక్కు మొత్తాన్ని. వడ్డీ, ఖర్చులు, మనస్తాపం అడగాలనుంటే విడిగా, చెక్కు మొత్తంతో కలవకుండా చూపాలి. అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే నోటీసు చెల్లదన్న తీర్పులు అప్పటికే ఉన్నాయి. ఆ తర్వాత 2025 సెప్టెంబరులో కావేరి ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా కరకుగా, నోటీసులోని మొత్తం చెక్కుతో సరిపోకపోతే అచ్చుతప్పు అన్న సాకు కూడా పనికిరాదని చెప్పింది. కొత్త నోటీసు పంపుదామంటే, మెమో అందిన జనవరి 16 నుంచి 30 రోజులు ఫిబ్రవరి 15తోనే అయిపోయాయి. ఆయన నా గుమ్మం ఎక్కింది పన్నెండు రోజుల తర్వాత.

ఆయన చెప్పనిది

ఇలాంటప్పుడు నేను అందర్నీ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ చెక్కు మీ చేతికి వచ్చాక, వాళ్ల దగ్గర్నుంచి ఏ రూపంలోనైనా ఒక్క రూపాయైనా వచ్చిందా?"

"లేదు సార్" అన్నారు వెంటనే.

కూతురు తలెత్తి తండ్రి వైపు చూసింది. సంచిలోంచి పాస్‌బుక్కు తీసి, ఒక పేజీ మడిచి, వేలు పెట్టి నా ముందుకు జరిపింది. డిసెంబరు 20, జమ, 1,50,000. పంపిన పేరు ఆ సంస్థదే.

"అది వేరే లెక్క సార్" అన్నారాయన.

"ఏ లెక్క నాన్నా? మనకు వాళ్లతో ఇంకే లెక్క ఉంది?"

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆయన అబద్ధాలాడే మనిషి అని నేను అనుకోను. ఆ డబ్బు పాత జాప్యానికి వడ్డీ కింద వచ్చిందని ఆయన మనసులో నిజంగానే జమ వేసుకున్నారు. మనసులో వేసుకున్న జమకు కోర్టులో విలువ లేదు. వడ్డీ కింద తీసుకుంటున్నట్టు ఆయన వాళ్లకు ఒక్క ముక్క రాయలేదు, వాళ్లూ రాయలేదు.

దీంతో కేసు మొత్తం తిరగబడింది. 2022 అక్టోబరులో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: చెక్కు ఇచ్చిన తర్వాత, దాన్ని బ్యాంకులో వేసేలోపు కొంత బాకీ తీరితే, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేసి అది తిరిగొచ్చినా 138వ సెక్షన్ కింద నేరం కాదు. జనవరి 10న చట్టప్రకారం రావాల్సింది 4,90,000. బ్యాంకులో వేసింది 6,40,000కు. నోటీసులో అడిగింది 6,90,000. మూడు కాగితాల్లో మూడు అంకెలు. ఎదుటి న్యాయవాది పాస్‌బుక్కులోని ఆ ఒక్క పేజీని సాక్ష్యంగా మార్క్ చేయించి కూర్చుంటే చాలు.

ఇందుకు దారి చట్టంలోనే ఉంది. కొంత సొమ్ము ముట్టినట్టు చెక్కు వెనక రాసి, మిగిలిన మొత్తానికే దాన్ని చెల్లింపుకు పెట్టవచ్చని 56వ సెక్షన్ చెబుతుంది. చెక్కు గడువు ఏప్రిల్ రెండో వారం దాకా ఉంది. గడువులోపు ఎన్నిసార్లయినా వేయవచ్చు, తర్వాతి తిరస్కరణ మీద కొత్తగా నోటీసిచ్చి కేసు పెట్టవచ్చని 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ తీర్పు చెప్పింది. పుస్తకంలో చక్కగా ఉంది. అమ్మాయి బ్యాంకుకు వెళ్లి అడిగితే, చెక్కు ముందువైపు ఉన్న అంకెకే క్లియరింగ్ జరుగుతుంది, వెనక ఏం రాసినా తమ పద్ధతిలో దానికి చోటు లేదన్నారు. చెక్కు బొమ్మ మీద నడిచే క్లియరింగ్‌లో 56వ సెక్షన్ ఎలా ఇమడాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. రాతపూర్వకంగా అర్జీ పెట్టి పోరాడవచ్చు, కానీ అది బ్యాంకుతో ఇంకో వ్యాజ్యం.

కాబట్టి ఆయన బల్ల మీద పేర్చిన కేసు వేయనని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. ఇంకెవరైనా వేస్తారన్నారు. వేస్తారు, నిజమే. చెక్కు మీద సంతకం ఎదుటివారిదైతే బాకీ ఉందనే కోర్టు మొదట భావిస్తుంది, కాబట్టి కేసు నంబరు పడుతుంది, సమన్లు వెళ్తాయి. చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే 143ఎ సెక్షన్ గురించి కూడా ఆయన ఎక్కడో విని వచ్చారు. అది కోర్టు విచక్షణకు వదిలినదే తప్ప హక్కుగా వచ్చేది కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. విచారణను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. మూడేళ్లు దాటిన చెక్కు కేసులు నా బీరువాలో ఉన్నాయి. మూడేళ్ల తర్వాత పాస్‌బుక్కు పేజీ చూసి నిందితుణ్ని విడుదల చేస్తే, ఈయన అప్పుడు నా ముందు కూర్చుంటే, నేనేం చెప్పను?

వెళ్లబోతూ ఇంకో మాట అడిగారు: "వచ్చినదాంట్లో పది శాతం మీరు తీసుకోండి సార్, ఎలాగైనా రప్పించండి." మన దేశంలో న్యాయవాది ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ఆ నియమం లేకపోయినా నేను ఒప్పుకోనేమో. పది శాతం ఆశ ఉంటే, కేసు వేయనని చెప్పే ధైర్యం నాకు ఉండేదని గట్టిగా అనలేను. ఉత్తరాలకు, రాజీ చర్చలకు కలిపి ఒక ఫీజు ముందే రాసి ఇచ్చాను. కూతురు చదివి సంతకం పెట్టించింది.

బీరువాలోంచి తీసిన కాగితం

ఆ రాత్రే ఫైలంతా మళ్లీ చదివాను. రెండు ప్రశ్నలు రాసి అమ్మాయికి పంపాను. మీ యూనిట్‌కు చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా, ఉంటే ఏ తేదీది? వాళ్లిచ్చిన ఆర్డరు కాగితం ఉందా?

రిజిస్ట్రేషన్ ఉంది. 2021లో బ్యాంకు రుణం కోసం చేయించి, ఆ ఫైల్లోనే మర్చిపోయారు. సర్టిఫికెట్ ఫొటో చూడగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు సరుకు డబ్బు ఆలస్యమైతే ఏం చేయాలో అందులో ఒక అధ్యాయమే ఉంది. చెక్కు కేసుకున్నంత పేరు దానికి లేదు. రిజిస్ట్రేషన్ సరుకు పంపడానికి ముందు నాటిదా, తర్వాతదా అన్నది చాలా ముఖ్యం. గొడవ వచ్చాక చేయించుకున్న రిజిస్ట్రేషన్‌తో పాత సరుకుకు ఈ రక్షణ అడిగినవారికి సుప్రీంకోర్టులో చుక్కెదురైన సందర్భాలున్నాయి. పైగా ఈయన తయారీదారు. సరుకు కొని అమ్మే వర్తకుడైతే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నా ఈ అధ్యాయం వర్తించేది కాదు.

ఆర్డరు కాగితంలో 60 రోజుల్లో చెల్లిస్తామని ఉంది. ఈ చట్టం 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఒప్పుకున్నా సరే, గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే 16వ సెక్షన్ వడ్డీ మొదలవుతుంది. రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా అసలులో కలుస్తూ చక్రవడ్డీ. ఆ రోజుల్లో బ్యాంకు రేటు 6.50 శాతం, మూడింతలంటే 19.50. తొమ్మిది ఇన్‌వాయిస్‌లకూ విడివిడిగా 45వ రోజు ఎప్పుడు పడిందో అమ్మాయి పట్టిక వేసింది, డిసెంబరు 20న వచ్చిన లక్షా యాభై వేలను తీసేసి మళ్లీ లెక్క కట్టింది. ఫిబ్రవరి నెలాఖరుకు వడ్డీ యాభై వేలకు కాస్త తక్కువగా తేలింది. నోటీసులో మనస్తాపానికని గాలిలోంచి తీసిన అంకెకు చట్టమే దాదాపు సరిపడా ఇస్తోంది.

డబ్బు రాకపోతే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా, సరుకు పంపినవాడి ప్రాంతంలోని కౌన్సిల్‌కే అధికారం. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తిత్వ విచారణ. తీర్పు వ్యతిరేకంగా వస్తే దాన్ని కొట్టేయమని కోర్టుకు వెళ్లాలనుకునే కొనుగోలుదారు తీర్పు మొత్తంలో 75 శాతం ముందు జమ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆ తొంభై రోజులను నేను క్లయింట్లకు హామీగా చెప్పను.

నా చూపు పడింది వేరే చోట. నెల ఆఖరు కావస్తోంది, తర్వాతి నెల మార్చి. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే చిన్న క్లాజు చేర్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బును 15వ సెక్షన్ గడువు దాటించి, మార్చి 31లోగా కూడా ఇవ్వకపోతే, ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు లేదు. అంటే 4,90,000 ఆ భాగస్వామ్య సంస్థకు ఆదాయంగా మారుతుంది. 30 శాతం లెక్కన 1,47,000 పన్ను, పైన సెస్సు. శాశ్వతంగా పోయే డబ్బు కాదు, చెల్లించిన ఏడాది ఖర్చుగా చూపుకోవచ్చు. కానీ చేతిలో నగదు లేక బకాయి పెట్టిన సంస్థకు ఈ ఏడాది కట్టాల్సిన పన్ను ఈ ఏడాది నొప్పే. దానికి తోడు, ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో సరుకు డబ్బు ఇవ్వకపోతే కొనుగోలు మీద కట్టిన పన్నుకు జీఎస్టీలో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. జూన్ నాటి ఇన్‌వాయిస్‌లకు ఆ 180 రోజులు డిసెంబరులోనే దాటాయి.

మార్చి 1న ఆ సంస్థకు ఉత్తరం రాశాను. పేజీన్నర. జైలు మాట లేదు, చెక్కు సంగతి ఒక్క వాక్యంలో ముగించాను. "డిసెంబరు 20న మీరు పంపిన రూ. 1,50,000 ముట్టినట్టు ఇందుమూలంగా అంగీకరిస్తున్నాము" అన్న వాక్యాన్ని రెండో పేరాలోనే పెట్టాను. క్లయింటు ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగారు. మనమే ఒప్పుకోవడం దేనికన్నారు. వాళ్ల దగ్గర బ్యాంకు రుజువు ఉంది, మనం దాచడం వల్ల వాళ్లకే బలం అన్నాను. ఉత్తరానికి అమ్మాయి వేసిన పట్టిక, ఉద్యమ్ సర్టిఫికెట్ నకలు జతచేశాం. ఆఖర్న ఒక మాట: "ఈ బకాయి విషయం మార్చి 31కి ముందు మీ ఆడిటర్ దృష్టికి తీసుకెళ్లగలరు."

ఐదో రోజున వాళ్ల న్యాయవాది ఫోను చేశారు. నోటీసుకు నెల దాకా పలకని మనుషులు ఆడిటర్ మాటకు పలికారు.

ఐదు పొరలు

కూర్చుని మాట్లాడుకుందామని ఇరుపక్షాలూ మా ఆఫీసుకు వచ్చాయి. వాళ్ల వాదన కొత్తది. ఆగస్టులో వచ్చిన 92,000 రూపాయల లాటులో పెట్టెలు బరువు ఆగక కుంగిపోయాయి, సరుకు అందిన తొమ్మిదో రోజునే ఫొటోలు వాట్సాప్‌లో పంపాం, ఈయన జవాబివ్వలేదు. ఇది నా క్లయింటు చెప్పని రెండో సంగతి. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, 2006 చట్టం కింద ఆ సరుకుకు గడువు లెక్కే మారిపోతుంది. వాట్సాప్ ఫొటోలు రాతపూర్వక అభ్యంతరమేనా అన్న వాదన నేను చేయగలను. ఆ వాదన ఎంత దూరం నడుస్తుందో తెలియకుండా దాని మీద ఫైలు నిలబెట్టలేను. ఆ సంభాషణ చెరపవద్దనీ, ఫోను మార్చవద్దనీ అమ్మాయికి ఒక చీటీ రాసిచ్చాను. ఫోనులోని సందేశాలను సాక్ష్యంగా చూపడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తే ఆ ఫోనే దిక్కు.

ఇంతలో వాళ్ల పెద్ద భాగస్వామి సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. బొటనవేలితో మూల దగ్గర నొక్కారు. వేలు లోపలికి దిగింది.

నా క్లయింటు ఆ పెట్టెను దగ్గరికి లాక్కున్నారు. వాదిస్తారనుకున్నాను. అంచు దగ్గర అట్టను గోటితో విడదీసి, పొరల మధ్య మడతలు కనిపించేలా వెలుతురుకు పట్టుకుని లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. ఆర్డరు కాగితం ఇవ్వమని కూతుర్ని చేయి చాపి అడిగారు. అందులో ఐదు పొరలు అని ఉంది.

"ఇది మూడే" అన్నారు, ఎవరితోనో కాదు, ఆ పెట్టెతో అన్నట్టు. "ఇంకో పార్టీ లాటు మీకొచ్చింది. మా మనిషి తప్పు."

ఒక న్యాయవాదిగా నాకు గుండె జారింది. ప్రత్యర్థి ముందు, వాళ్ల న్యాయవాది సమక్షంలో, క్లయింటు లోపం ఒప్పేసుకున్నారు. కానీ గదిలో గాలి మారిన సంగతి నాకూ తెలిసింది. పెద్ద భాగస్వామి కుర్చీలో వెనక్కి వాలారు. ఆరు నెలలుగా ఆయనకు కావాల్సింది ఆ మాటే కాబోలు. ఆ లాటులో ఎన్ని పెట్టెలు పనికొచ్చాయి, ఎన్ని పారేశారు అన్నది ఇద్దరూ పావుగంటలో తేల్చుకున్నారు. మా ఇద్దరు న్యాయవాదులమూ ఆ పావుగంట నోరు మూసుకుని కూర్చున్నాం. ఆ రోజు మేం చేసిన మంచి పని అదే.

తేలింది ఇది. 4,90,000లో పాడైన పెట్టెలకు 40,000 తగ్గింపు. మిగిలిన 4,50,000లో 3,00,000 మార్చి 28లోపు బ్యాంకు బదిలీ. తక్కిన 1,50,000కు ఏప్రిల్ 30, మే 31 తేదీలతో 75,000 చొప్పున రెండు చెక్కులు, ఇద్దరు భాగస్వాముల సంతకాలతో. అన్నీ సమయానికి అందితే వడ్డీ మాఫీ. ఒక్కటి తప్పినా మిగిలిందంతా ఒకేసారి, 16వ సెక్షన్ వడ్డీతో సహా.

కాగితం రాసుకుని సంతకాలు పెట్టుకుంటే చాలదా అని ఇద్దరూ అడిగారు. మాట తప్పితే ఆ కాగితం పట్టుకుని మళ్లీ మొదట్నుంచి దావా వేయాలి. మూడు లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదంలో, అత్యవసర ఉత్తర్వు ఏదీ అడగనప్పుడు, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. వాణిజ్య కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ అది, తప్పనిసరి అని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో తేలింది. ఆ తిరుగుడంతా ఎందుకని, రాజీని జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర దావాకు ముందరి లోక్ అదాలత్‌లో పెట్టాం. అక్కడ వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మాట తప్పితే నేరుగా అమలు పిటిషనే. పాత చెక్కు ఆ రోజు సభ్యుల ఎదుటే తిరిగి ఇచ్చేశాం. ఇవ్వడానికి నా క్లయింటుకు చేయి రాలేదు. నేనే తీసుకుని ఇచ్చాను.

తర్వాత

మూడు లక్షలు మార్చి 26నే వచ్చాయి. ఏప్రిల్ చెక్కు చెల్లింది. మే నెల చెక్కును బ్యాంకులో వేయబోతుంటే, తొమ్మిది రోజులు ఆగమని వాళ్లు ఫోను చేశారు. నా క్లయింటు నాకు ఫోను చేసి "ఇప్పుడు వేద్దాం సార్, కేసు" అన్నారు, గొంతులో కాస్త ఉత్సాహం కూడా ఉంది. ఆగడానికి ఒప్పుకుంటున్నాం గానీ అవార్డు షరతులను వదులుకోవడం లేదని రెండు వాక్యాల ఉత్తరం పంపించాను. తొమ్మిదో రోజున చెక్కు చెల్లింది.

నా తప్పు ఒకటుంది, చెప్పాలి. తగ్గించిన 40,000కు జీఎస్టీలో క్రెడిట్ నోటు (బిల్లు మొత్తం తగ్గినట్టు చూపే కాగితం) ఎవరు, ఎప్పుడు ఇవ్వాలో రాజీ పత్రంలో రాయడం మర్చిపోయాను. చేతికి రాని సొమ్ము మీద నా క్లయింటు కట్టిన పన్ను అలాగే ఉండిపోయేది. పట్టుకున్నది కూతురే, జూన్‌లో. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా గడువుంది కాబట్టి బతికిపోయాను. క్రెడిట్ నోటు జారీ చేశారు, అవతలివాళ్లు తమ క్రెడిట్‌ను ఆ మేరకు తగ్గించుకున్నారు. నా కంప్యూటర్‌లోని రాజీ పత్రం నమూనాలో ఇప్పుడు ఆ పేరా ఉంది.

మొత్తం మీద ఈ ఫైలు మీద నేను గడిపింది పదకొండు గంటలు. అందులో నాలుగు గంటలు తొమ్మిది ఇన్‌వాయిస్‌లను డెలివరీ చలానాలతో పోల్చడానికే పోయాయి.

ఆగస్టులో ఆయన మళ్లీ వచ్చారు. అదే సంస్థ నుంచి కొత్త ఆర్డరు, సంతకం పెట్టేముందు ఒకసారి చూడమని. చెల్లింపు గడువు దగ్గర మళ్లీ 60 రోజులే టైపు చేసి ఉంది. దాన్ని కొట్టేసి 45 అని రాసి, పక్కన ఇద్దరి చేతా పొట్టి సంతకాలు పెట్టించమన్నాను. పై వరసలో సరుకు వివరాల దగ్గర, ‘ఐదు పొరలు’ అన్న మాట కింద ఆయన ముందే ఎర్ర సిరాతో గీత గీసుకుని వచ్చారు.